నయోబీ గర్వకథ: వేర్వేరు కథనాలను పోల్చే పద్ధతి

ఒకే పురాణగాథకు ఉన్న వేర్వేరు కథనాలను పోల్చదలచినవారు, ఆ కథను ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో చెబుతున్నారో ముందుగా గుర్తించాలి. తనకు సంతానం ఎక్కువన్న గర్వంతో లీటో దేవతను కించపరచి, బిడ్డలను పోగొట్టుకున్న గ్రీకు రాణి నయోబీ కథను తీసుకుందాం. గ్రీకు కవి హోమర్ రాసిన ‘ఇలియడ్’ కావ్యం 24వ సర్గలో, కొడుకు చనిపోయిన దుఃఖంలో ఉన్న ముసలి రాజు ప్రయామ్‌ను భోజనానికి ఒప్పించడానికి గ్రీకు వీరుడు అకిలీజ్ ఈ కథ చెబుతాడు. అందువల్ల అక్కడ గర్వం ఒకటి రెండు మాటల్లో ముగిసి, ఏడ్చి ఏడ్చి అలసిన తల్లి కూడా చివరికి ఆహారం ముట్టిందన్న సంగతే ముందుకు వస్తుంది. రోమన్ కవి ఓవిడ్ మాత్రం ఆమె చేత సుదీర్ఘంగా గొప్పలు చెప్పించి, చివరి కూతురిని తన ఒంటితో, వస్త్రంతో కప్పుకొని, ఈ చిన్నదాన్నొక్కదాన్నైనా మిగల్చమని వేడుకొనేదాకా మనల్ని తీసుకువెళ్తాడు. ఈ ఘట్టాన్ని సారాంశంలో కాక పూర్తిగా చదవాలి, ఎందుకంటే గర్వం పట్ల కోపం జాలిగా మారేది ఇక్కడే.

తరువాత వివరాల తేడాలను రాసుకోవాలి. సంతానం హోమర్‌లో 12 మంది, ఓవిడ్‌లో 14 మంది. అంతకంటే విలువైన తేడా మరొకటి ఉంది: హోమర్ కథలో దేవతల రాజు జ్యూస్ ప్రజలను రాళ్లుగా మార్చడంతో, 9 రోజులు దిక్కులేక పడి ఉన్న బిడ్డలను 10వ రోజున దేవతలే పూడ్చిపెడతారు.