నలుగురూ వాడే కంప్యూటర్‌లో మీ ఫైళ్లు పోకుండా

డీటీపీ సెంటర్లో, ఆఫీసులో, ఇంట్లో ఒకే కంప్యూటర్ మీద నలుగురు పనిచేస్తుంటే, ఫైలు పోవడానికి హార్డ్ డిస్క్ చెడిపోనక్కర్లేదు. ఒకరు ‘పెళ్లికార్డు ఫైనల్’ అని దాచుకున్న చోటే ఇంకొకరు అదే పేరుతో తమది సేవ్ చేస్తారు. పాతదాని బదులు ఇది పెట్టాలా అని విండోస్ అడిగితే చదవకుండానే ఎస్ కొట్టేస్తారు. ఆ తర్వాత రీసైకిల్ బిన్ ఎంత వెతికినా లాభం లేదు. పాత ఫైలు డిలీట్ కాలేదు, దాని మీదే కొత్తది రాసేశారు.

అందుకే బ్యాకప్ కంటే ముందు ఎవరి అకౌంటు వాళ్లకు వేరు చెయ్యండి. విండోస్ 11లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి యాడ్ అకౌంట్ నొక్కండి. మెయిల్ ఐడీ అడిగితే, ఆ మనిషి సైన్-ఇన్ వివరాలు లేవనే లింకు నొక్కి, తర్వాతి తెరలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ను కలిపే లింకు ఎంచుకోండి. రకం స్టాండర్డ్ అని ఉండాలి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంటే చాలు. అందరికీ తెలిస్తే అకౌంట్లు విడదీసి ప్రయోజనం లేదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు ఎవరివి వాళ్లకే కనిపిస్తాయి. కానీ డీ డ్రైవ్ అలా కాదు. అందులో మీ పేరుతో ఫోల్డర్ పెట్టుకున్నా, మామూలుగా ఆ కంప్యూటర్‌లోకి లాగిన్ అయిన ఎవరైనా దాన్ని తెరవొచ్చు, మార్చొచ్చు, డిలీట్ చెయ్యొచ్చు. ఆపాలంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌కు వెళ్లండి. ముందు యాడ్ నొక్కి మీ అకౌంటుకు ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. తర్వాత డిసేబుల్ ఇన్‌హెరిటెన్స్ నొక్కి, ఉన్న అనుమతులను కన్వర్ట్ చేసే ఎంపిక తీసుకోండి. చివరగా ఆథెంటికేటెడ్ యూజర్స్, యూజర్స్ అనే రెండు వరసలు తీసెయ్యండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ వరసల జోలికి పోవద్దు. ఈ క్రమం తప్పితే మీ ఫోల్డర్లోకి మీరే వెళ్లలేకపోవచ్చు.

సీ నుంచి డీలోకి కాపీ చేసి బ్యాకప్ అయిపోయిందనుకోవడం ఇంకో భ్రమ. చాలా కంప్యూటర్లలో ఆ రెండూ ఒకే డిస్క్‌లోని భాగాలు. డిస్క్ పోతే రెండూ పోతాయి.

ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. మీ ఫైళ్లన్నిటికీ పట్టే చోటుకు కనీసం రెట్టింపు ఉండాలి. కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిచి, ఆ డిస్క్‌ను చూపించి ఆన్ చెయ్యండి. మామూలు సెట్టింగులో గంటకోసారి మారిన ఫైళ్లను కాపీ చేస్తుంది, పాత వెర్షన్లనూ ఉంచుతుంది. పైన చెప్పిన పెళ్లికార్డు దొరికేది ఇలాంటి చోటే. డీ డ్రైవ్‌లోని ఫోల్డర్లను మాత్రం అది తనంతట తాను పట్టించుకోదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, షో మోర్ ఆప్షన్స్, ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ ద్వారా కలపాలి. విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్ రోబోకాపీ వాడేవాళ్లు మిర్ (/MIR) స్విచ్‌తో జాగ్రత్త: అసలు ఫోల్డర్లో లేనిదాన్ని అది బ్యాకప్‌లో కూడా తుడిచేస్తుంది.

ఎప్పుడూ తగిలించే ఉన్న డిస్క్ ఒక్కటే చాలదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, అంటే రాన్సమ్‌వేర్ వస్తే, తగిలించి ఉన్న డిస్క్‌లోని ఫైళ్లకు కూడా తాళం వేస్తుంది. రెండో డిస్క్ మీద వారానికోసారి కాపీ చేసి, ఎజెక్ట్ చేసి, తీసి వేరే చోట పెట్టండి. నెలకోసారి అందులోంచి రెండు మూడు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ మంచివే గానీ సింక్ అంటే బ్యాకప్ కాదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ లోపే వెతకాలి.

తెలుగు డీటీపీ పనిలో అదనపు చిక్కొకటుంది. అను ఫాంట్లతో టైప్ చేసిన పేజ్‌మేకర్ ఫైలు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ఫైలుతో పాటు వాడిన ఫాంట్లనూ, పక్కనే ఒక పీడీఎఫ్‌నూ దాచండి. బొమ్మలు చాలాసార్లు ఫైలు లోపల ఉండవు, వాటి చిరునామా మాత్రమే ఉంటుంది. పేజ్‌మేకర్ సేవ్ యాజ్ పెట్టెలో కాపీ అనే చోట ఆల్ లింక్‌డ్ ఫైల్స్ ఎంచుకుంటే బొమ్మలు కూడా వెంట వస్తాయి. యూపీఎస్ లేకపోతే కంట్రోల్ ఎస్ చేతికి అలవాటు కావాలి. సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఫైలే పాడవొచ్చు కాబట్టి, పెద్ద పనులను 1, 2, 3 అని వేర్వేరు పేర్లతో సేవ్ చేసుకోండి.

ఇంటర్నెట్ సెంటర్లో పనైతే, మెయిల్‌కు వచ్చిన ఫైలును అలాగే తెరిచి దిద్దకండి. టెంపరరీ ఫోల్డర్లో సేవ్ అయి మళ్లీ దొరకకపోవచ్చు. ముందు డౌన్‌లోడ్ చేసి, పేరు మార్చి, అప్పుడు తెరవండి. కొన్ని సెంటర్లలో రీస్టార్ట్ చేస్తే కొత్తగా పెట్టినవన్నీ పోయేలా సాఫ్ట్‌వేర్ ఉంటుంది, కాబట్టి లేచే ముందే ఫైలును మీ మెయిల్‌కు పంపుకోండి. ఆధార్, సర్టిఫికెట్ స్కాన్లు డౌన్‌లోడ్స్‌లో మిగిలిపోతే షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చెయ్యండి.

పెన్‌డ్రైవ్ ఫైళ్లు మోయడానికే, దాచడానికి కాదు. అందులోంచి డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌కు రావు. ఫోల్డర్ల బదులు షార్ట్‌కట్లు కనిపిస్తే కంగారుపడి ఫార్మాట్ కొట్టొద్దు, వాటి మీద డబుల్ క్లిక్ అసలే చెయ్యొద్దు. సాధారణంగా వైరస్ మీ ఫైళ్లను దాచిపెట్టి ఉంటుంది. ముందు స్కాన్ చేసి, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ (attrib) కమాండ్‌తో హిడెన్, సిస్టమ్ గుర్తులు తీసేస్తే తిరిగి కనిపిస్తాయి.

అన్నీ చేసినా ఫైలు పోతే ఆ డ్రైవ్ మీద పని వెంటనే ఆపండి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేస్తే పోయిన ఫైలు మీదే రాసేసే ప్రమాదముంది. ఇంకో డ్రైవ్ నుంచి నడపండి, దొరికినవి కూడా అక్కడే పెట్టండి. పాత హార్డ్ డిస్క్‌లో ఆశ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో, డిలీట్ చేసిన చోటును ఖాళీ చేసేసే ట్రిమ్ వల్ల, డిలీట్ చేసిన కాసేపటికే ఫైలు దొరకని పరిస్థితి. డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నడపకుండా ఆపేసి, రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి.