భోజనం బాగాలేదు: చెప్పాలా, మింగి ఊరుకోవాలా?

సర్వర్ వచ్చి "ఎలా ఉందండీ?" అని అడుగుతాడు. "బాగుంది" అంటాం. అతను అటు తిరగగానే ఇటు మొదలవుతుంది: ఉప్పు లేదు, ఉడకలేదు, ఇంత డబ్బు పోసింది దీనికా అని. ఇంటికి చేరేదాకా అదే పాట, మర్నాడు ఆఫీసులో మరో విడత. వినాల్సిన ఒక్కడికి తప్ప అందరికీ చెబుతాం.

ఫిర్యాదుకు విలువ ఉండేది ప్లేటు ఇంకా బల్ల మీద ఉన్నంతసేపే. ఆ తర్వాత చెప్పేది చాలావరకు కడుపుమంట తీర్చుకోవడమే. అందుకే కింద రాసిన సమస్యల్లో ఏది ఎదురైనా ముందు చేయాల్సింది ఒకటే: రెండు ముద్దల్లో తేల్చుకోండి. సగం తిన్నాక "బాగాలేదు" అంటే ఎదుటివాడి చూపు ఖాళీ అయిన సగం మీదే నిలుస్తుంది. ఆ చూపులో న్యాయం కూడా ఉంది.

సమస్య: వేడిగా రావాల్సింది చల్లారి వచ్చింది

ఇందులో వంటవాడి తప్పు తరచూ ఉండదు. ఒక బల్లకు నాలుగు వంటకాలు చెబితే నాలుగూ ఒకే నిమిషంలో సిద్ధం కావు. ముందు అయినది మిగతావాటి కోసం వంటగది గట్టు మీద ఎదురుచూస్తుంది. రద్దీలో సర్వర్ అందకపోతే మరి కాసేపు అక్కడే. ఇది మామూలు చల్లారడం. "వేడి చేసి తెస్తారా?" అంటే సరిపోతుంది, రెండు నిమిషాల్లో తిరిగొస్తుంది.

రెండో రకం వేరు. అంచున తాకితే నాలుక కాలుతుంది, నడుమ చెంచా దించితే చల్లగా తగులుతుంది. ఎప్పుడో వండి ఉంచినదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి హడావుడిగా తెచ్చారన్నమాట. ఆ తరంగాలు పదార్థంలోకి రెండు మూడు సెంటీమీటర్లకు మించి పెద్దగా చొచ్చుకుపోవు. లోపలికి వేడి పాకాలంటే మధ్యలో ఒకసారి కలపాలి, కాసేపు ఆగాలి. తొందరలో ఆ రెండూ జరగవు. ఇక్కడ "వేడి చేయండి" అంటే అదే తంతు ఇంకోసారి జరుగుతుంది. "ఇప్పుడు వండినది ఉంటే ఇవ్వండి, లేకపోతే వేరేది తీసుకుంటాను" అనండి.

ఈ తేడా రుచి కోసమే కాదు. వండిన పదార్థం వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లగా ఉంచాల్సినది 5 డిగ్రీల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ రెండింటి నడుమ సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. మళ్లీ మరిగిస్తే అన్నీ చస్తాయి కదా అనే ధీమా కూడా పనికిరాదు. బయట పెట్టి వదిలేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే ఒక విషం మరిగించినా విరగదు. బఫేలో గోరువెచ్చటి పాత్ర కనిపిస్తే మొదట దాన్ని దాటి వెళ్లిపోండి, ఫిర్యాదు సంగతి తర్వాత.

సమస్య: లోపల పచ్చిగా ఉంది

కోడిమాంసం, ముక్కలు చేసి ముద్దగా కట్టిన మాంసం పచ్చిగా ఉంటే మొహమాటానికి చోటే లేదు. తినడం ఆపేయండి. కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. రంగు మాత్రం నమ్మదగ్గ సాక్షి కాదు. పూర్తిగా ఉడికిన కోడి కూడా ఎముక దగ్గర ఎర్రగా కనిపించవచ్చు, ఉడకనిది తెల్లగానూ ఉండవచ్చు. కాబట్టి "ఇది పచ్చిది" అని తీర్పు చెప్పకుండా "లోపల ఉడికినట్టు లేదు, ఒకసారి చూస్తారా?" అనండి. వంటగదిలో థర్మామీటర్ ఉంటే వాళ్లే గుచ్చి చూస్తారు. మళ్లీ తెచ్చేటప్పుడు కొత్త ప్లేటులో, పక్కన పెట్టే పదార్థాలతో సహా కొత్తగా తెమ్మనండి. పచ్చి మాంసం రసం తగిలిన కూరగాయలను అలాగే ఉంచి ముక్కను మాత్రం కాల్చి తెస్తే సగం పనే అయినట్టు.

చేపలో ఇంకో చిక్కు ఉంది. వేయని మిరియాల ఘాటు నాలుక మీద చురుక్కుమంటే ఆపేయండి. సరిగా చల్లబరచకుండా ఉంచిన ట్యూనా లాంటి చేపల్లో హిస్టమిన్ అనే రసాయనం పేరుకుంటుంది, ఎంత వండినా అది పోదు. కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోగా ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అచ్చం అలర్జీలాగే ఉంటుంది. ఇలాంటిది చెప్పడం వాళ్ల మీద నేరం మోపడం కాదు. అదే చేప తర్వాతి బల్లకు వెళ్లకుండా ఆపడం.

సమస్య: నచ్చలేదు

ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే. ఉప్పు కషాయమై నోట పెట్టుకోలేకపోతే అది వంటగది తప్పు. వాళ్లు చేసే పద్ధతిలోనే చేసినా మీ నాలుకకు పట్టకపోతే అది మీ ఎంపిక. రెండింటినీ విడదీయాలంటే బల్ల దగ్గర ఉన్న ఇంకొకరికి రుచి చూపించండి. వాళ్లూ మొహం చిట్లిస్తే సర్వర్‌ను పిలవండి. వాళ్లు లొట్టలేస్తే ప్లేట్లు మార్చుకోండి. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన రోజు వంటకు మార్కులు వేయనే వద్దు. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా వాసనదే.

ఉప్పు ఎక్కువైనదాన్ని "సరిచేసి" తెస్తామంటే ఒప్పుకోకండి. వేసిన ఉప్పును తీయలేరు, నీళ్లు కలిపి పలుచన చేస్తారు. మార్చి ఇవ్వమనండి. తక్కువైతే చిటికెడు ఉప్పు అడిగి కలుపుకుంటే పోతుంది, దానికి మేనేజర్ అక్కర్లేదు. ఎంపిక మనదే అయినప్పుడు నిజం చెప్పడం మేలు: "తప్పు మీది కాదు, ఇది నాకు పడలేదు. ఇంకోటి తెప్పించుకుంటాను, డబ్బు ఇస్తాను." ఇలా అన్నవారికి చాలాసార్లు ఆ రెండోది బిల్లులో కనబడదు. అయితే దాని కోసమే అలా అనడం మాత్రం చిల్లరతనం.

సమస్య: వెంట్రుక, పురుగు, గాజుపెంకు

చేత్తో తీసి పారేయకండి. ఉన్నది ఉన్నట్టే ఉంచి, ఫోనులో ఒక ఫొటో తీసి, మేనేజర్‌ను పిలవండి. పక్క బల్లలకు వినబడేలా ఎత్తి చూపించాల్సిన పని లేదు. ప్లేటు ముందుంచి వేలితో చూపితే చాలు. వెంట్రుక అసహ్యమే కానీ ఒంటికి చేసే హాని తక్కువ, వంటకం మార్చి ఇస్తే విషయం ముగిసినట్టే. గాజు, లోహం, గట్టి ప్లాస్టిక్ సంగతి వేరు. పగిలిన గ్లాసు ముక్క ఒక్క ప్లేటులోనే పడి ఉంటుందన్న హామీ లేదు. అదే గిన్నెలోంచి వడ్డించినవన్నీ ఆపమని గట్టిగా చెప్పాలి. నోరు తెగినా, మింగానన్న అనుమానం ఉన్నా వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఆ ముక్కను కవర్లో వేసి దాచండి, బిల్లు పారేయకండి.

సమస్య: అలర్జీ ఉందని చెప్పినా అదే వేశారు

సర్వర్ చటుక్కున ప్లేటు లాక్కుని, పైన చల్లిన వేరుశనగ పప్పులు ఏరేసి, అదే ప్లేటు తిరిగి తెస్తాడు. అతని దృష్టిలో సమస్య తీరిపోయింది. అలర్జీ తీవ్రంగా ఉన్నవారికి మాత్రం ఏరగా మిగిలిన పొడి, నూనె మరక చాలు. అందుకే మొదటి ప్లేటు తీసుకెళ్లనివ్వకండి. కొత్తది వచ్చేదాకా అది మీ ముందే ఉండాలి. రెండోది వచ్చినప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే మళ్లీ వండారా, ఏరి తెచ్చారా అన్నది తెలిసిపోతుంది.

ఇలా జరగడానికి కారణం సాధారణంగా మాట చేతులు మారడమే. మీరు సర్వర్‌కు చెప్పారు, అతను చీటీ మీద ఒక ముక్క రాశాడు, ఆ ముక్కను వంటగదిలో ఇంకెవరో "ఇష్టం లేదట" అని చదువుకున్నారు. కనుక ఆర్డర్ ఇచ్చేటప్పుడే "ఇష్టం లేక కాదు, తింటే ఆసుపత్రి పాలవుతాను" అని విడమరచి చెప్పండి. వండేవారితో నేరుగా మాట్లాడించమని అడగండి. వాళ్లు తడబడితే అక్కడ తినకపోవడమే మంచిది.

పెదవులు వాచడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం మొదలైతే ఫిర్యాదును పక్కన పెట్టండి. వైద్యులు ఇచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే వెంటనే వేసుకుని అంబులెన్స్ పిలిపించాలి. కాస్త తేలికపడినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు.

సమస్య: చెప్పాలని ఉంది, నోరు రావడం లేదు

ఎదుట కూర్చున్నవారు ఏమనుకుంటారో అన్న బెరుకు ఒకటి, చెబితే వంటగదిలో ఉమ్మి తెస్తారేమో అన్న భయం ఇంకొకటి. రెండోదాన్ని నేను పెద్దగా పట్టించుకోను. అయినా మనసు ఒప్పకపోతే మార్చి ఇవ్వమని అడగకండి, బిల్లులోంచి తీసేయమనండి. మొదటిదానికి మందు, మాటను చిన్నది చేసుకోవడమే. ఏమైంది, ఏం కావాలి, అంతే: "ఏమండీ, ఇది నేను చెప్పిన వంటకం కాదు, మార్చి ఇస్తారా?" క్షమాపణతో మొదలుపెడితే మాట అనవసరంగా సాగుతూ పోతుంది. "మీ హోటల్ ఎప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే అతను వంటకాన్ని వదిలి హోటల్ పరువు కోసం వాదిస్తాడు.

వేరొకరు విందు ఇస్తుంటే బల్ల దగ్గర నోరు ఎత్తకండి. చేతులు కడుక్కునే నెపంతో లేచి సర్వర్‌తో పక్కన చెప్పండి. పిలిచినవారిని ఇబ్బంది పెట్టేంత తప్పు ప్లేటులో అరుదుగా ఉంటుంది. పచ్చి మాంసం, గాజు, అలర్జీ మాత్రం ఈ మర్యాదకు లోబడవు.

నిజానికి తెలివైన మేనేజర్ మీ మాట కోసమే చూస్తాడు. తప్పు జరిగి, దాన్ని చక్కగా దిద్దుకున్న చోటును కొందరు తప్పే జరగని చోటుకన్నా ఎక్కువ ఇష్టపడతారని 1992లో మెక్‌కొలో, భరద్వాజ్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. అన్నిసార్లూ అలా జరగదని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి, అది వేరే సంగతి. నోరు మెదపకుండా వెళ్లి మళ్లీ రాని మనిషికి ఏ మేనేజరూ ఏమీ చేయలేడు.

సమస్య: చెప్పాను, పట్టించుకోలేదు

బహుశా మీరు చెప్పిన మనిషికి దాన్ని సరిచేసే అధికారం లేదు. బిల్లులోంచి ఒక వరుస కొట్టేయడం చాలాచోట్ల సర్వర్ చేతిలో ఉండదు. గొంతు పెంచే బదులు మనిషిని మార్చండి, మేనేజర్‌ను అడగండి. కోరేది తప్పుకు తగినట్టు ఉండాలి. ఒక వంటకం చెడితే ఆ ఒక్కదాని డబ్బు అడగండి, నలుగురి భోజనం ఉచితంగా ఇమ్మనకండి. తిన్నవాటికి డబ్బు కట్టి, గొడవలో ఉన్నదాన్ని విడిగా రాయించుకోండి. టిప్పు విషయంలో ఒక మాట: పరుగున వెళ్లి మార్చి తెచ్చిన సర్వర్‌కు వంటవాడి తప్పుకు కోత పెట్టకండి.

సమస్య: ఇంటికొచ్చాక కడుపు పాడైంది

వెంటనే చివరి భోజనం మీద అనుమానం వస్తుంది, చాలాసార్లు అది తప్పు. స్టఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా విషమైతే అరగంట నుంచి 8 గంటల్లో వాంతులు మొదలవుతాయి. నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు పడుతుంది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా 6 గంటల నుంచి 6 రోజుల దాకా తీసుకోవచ్చు. నిన్న రాత్రి భోజనాన్ని తిట్టే ముందు అంతకుముందు నాలుగైదు రోజులు ఏం తిన్నారో రాసుకోండి. మీతో అదే వంటకం తిన్నవాళ్లకూ అదే బాధ ఉంటే అనుమానానికి బలం వస్తుంది.

రక్తవిరేచనాలు, 39 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, మూడు రోజులు దాటిన విరేచనాలు, నీళ్లు కూడా నిలవని వాంతులు ఉంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మల పరీక్ష చేయిస్తే ఏ సూక్ష్మజీవో తేలుతుంది. పార్సిల్ తెచ్చినది మిగిలి ఉంటే పారేయకుండా మూతపెట్టి, పేరు రాసి ఫ్రిజ్‌లో ఉంచండి. మీ ప్రాంతంలో ఆహార భద్రత చూసే అధికారులకు తెలపండి. ఒకే చోటు మీద రెండు మూడు ఫిర్యాదులు చేరినప్పుడు వాళ్లకు దారి దొరుకుతుంది.

రివ్యూ రాయాలనిపిస్తే ఆ రాత్రి రాయకండి. రాసేటప్పుడు తేదీ, వంటకం పేరు, కనబడిన లోపం, మీరు చెప్పినప్పుడు వాళ్లు ఏం చేశారు అన్నవి ఉండాలి. పరీక్ష ఫలితం చేతిలో లేకుండా "ఫుడ్ పాయిజనింగ్" అన్న మాట వాడకండి. "తిన్న ఆరు గంటలకు వాంతులయ్యాయి" అని జరిగినది రాస్తే చాలు.