చెనక్కాయలు ఏరుకోవడం ఎట్లా: లివర్ క్యాన్సర్ భయం పట్టుకున్నవాళ్ళకు

మా దగ్గర పొడులు కొనేవాళ్ళలో ఈమధ్య ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు: "అక్కా, చెనక్కాయలు తింటే లివర్ క్యాన్సర్ వస్తాదంట కదా?" అనంతపురంలో కూర్చొని ఈ మాట వినాలంటే ప్రాణం చివుక్కుమంటుంది. ఇడ్లీలోకి చెనక్కాయ చట్నీ, సంగటిలోకి ఊరిబిండి, బడికి పోయే పిల్లోడి జేబులో బెల్లంముక్కతో గుప్పెడు వేయించిన విత్తనాలు. ఇవి లేని పొద్దు మా ఇళ్ళల్లో గడవదు. పైగా నేను అమ్ముకొని బతికేదీ అదే. కాబట్టి నా మాట కొంచెం అనుమానంగానే వినండి. కానీ ఆ అడిగిన మాటలో నిజం కొంత ఉంది, అందుకే రాస్తున్నా. తెలంగాణవాళ్ళు పల్లీలు అని చదువుకోండి.

రోగం కాయలో లేదు, కాయకు పట్టే బూజులో ఉంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అది. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది. అది వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. ఎందుకని ఆరా తీస్తే దాణాలో కలిపిన చెనక్కాయ పిండి దగ్గర తేలింది లెక్క. ఆ పిండి బ్రెజిల్ నుంచి వచ్చింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ విషాన్ని మొదటి గ్రూపులో పెట్టింది. అంటే మనిషికి క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో. పొగాకు, మద్యం ఉన్న గ్రూపు కూడా అదే.

లివరే ఎందుకు దెబ్బ తింటుందంటే, తిన్న విషాన్ని విరగ్గొట్టే పని దానిదే. విరగ్గొట్టబోయేటప్పుడు ఇది ఇంకా చెడ్డ రూపానికి మారి, లివర్ కణాల డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. ఒక్కరోజు తిన్నదానితో వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి, కొంచెం కొంచెంగా. ఒక్కసారే ఎక్కువ పోతే అది వేరే కథ. 1974లో గుజరాత్ పంచమహల్, రాజస్థాన్ బాంస్‌వాడా జిల్లాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలు తిన్న ఊళ్ళల్లో కామెర్లు, పొట్ట ఉబ్బడం మొదలై వందమందికి పైగా చనిపోయారు. ఆ ఇళ్ళల్లో మిగిలింది తిన్న కుక్కలు కూడా పోయాయి. కారణం పట్టుకున్నది మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు.

ఇక్కడ అందరూ మొదట అడిగేది: బాగా ఉడకబెడితే? వేయిస్తే? బూజు చస్తుంది, విషం చావదు. ప్రెషర్ కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. ఈ విషం పూర్తిగా విరగాలంటే దానికి రెట్టింపు వేడి కావాలి. అంత వేడిలో పెనం మీద పెడితే బొగ్గు మిగులుతుంది. వేయిస్తే కొంత తగ్గుతుంది, అంతే. అందుకే చేయాల్సిన పనంతా పొయ్యి వెలిగించక ముందే.

కొనేటప్పుడు

వీలైతే కాయలే కొనండి, విత్తనాలు కాదు. ఒలిచినదానికంటే పొట్టులో ఉన్నది ఎక్కువ రోజులు నిలుస్తుంది. నాలుగు కాయలు చేతిలోకి తీసుకొని చెవి దగ్గర ఊపండి. గలగలమంటే ఎండినట్టు. మొద్దుగా ఉందంటే లోపల ఇంకా తేమ ఉంది. ఒకటి ఒలిచి పంటి కింద పెడితే కటుక్కున విరగాలి, సాగకూడదు. విత్తనంలో తేమ 7 శాతం లోపు ఉంటే బూజు లేవదు. మన దగ్గర కొలిచే మిషన్ ఉండదు కాబట్టి చెవి, పన్ను.

విత్తనాలే కొనక తప్పదంటే ఒలిచిన తీరు అడగండి. మిషన్లో వేసే ముందు విత్తనం పగలకుండా ఉండాలని కాయల మీద నీళ్ళు చల్లే అలవాటు మా పక్క చాలాచోట్ల ఉంది. చల్లి, ఒలిపించి, మళ్ళీ ఎండబెట్టకుండా అదే గోనెసంచిలో కుట్టేస్తారు. తూకమూ కలిసొస్తుంది కదా. మూట విప్పగానే ముక్కిన వాసన వచ్చిందంటే బేరం అక్కడే ఆపండి. ఒకసారి నాకు అట్లాంటి సరుకే ఇచ్చిన వ్యాపారి "ఎండబెట్టుకుంటే సరిపోతాదమ్మా, గుళ్ళో ప్రసాదం మాదిరి ఉంటాది" అన్నాడు. ఎండబెడితే తేమ పోతుందిగానీ అప్పటికే చేరిన విషం ఎక్కడికి పోతుంది?

ఏ ఏడాది పంటన్నదీ ముఖ్యమే. మా జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా అడిగినప్పుడు రాదు. కాయ ముదిరే చివరి నెలలో వాన ముఖం చాటేస్తే నేల కాగిపోయి, భూమిలో ఉండగానే కాయకు బూజు తగులుకుంటుంది. తీరా పీకి వాములేసే వేళకు వాన దిగుతుంది. ఈ రెండూ పడిన ఏడాది నేను ఏరేటప్పుడు కళ్ళద్దాలు తుడుచుకొని మరీ కూర్చుంటా. నాకు కాయలిచ్చే రైతుకు చెప్పేది ఇంతే: చెట్టుతో సహా ఎండిపోయిన వాటి కాయలు విడిగా పెట్టు, పార తగిలి తెగినవి విడిగా పెట్టు, పీకిన చెట్లను కాయలు పైకి వచ్చేట్టు తిరగేసి ఎండబెట్టు. ఆ విడిగా పెట్టినవాటికి కూడా డబ్బులిస్తావా అని ఆయన అడుగుతాడు. అడగడంలో న్యాయముంది. ఇస్తా, ఎందుకో కిందికొస్తే చెప్తా.

ఏరడం

తెల్లగుడ్డ గానీ, వెడల్పు స్టీలు పళ్ళెం గానీ. పగటి వెలుతురు. ట్యూబులైటు కింద ఏరితే సగం తప్పిపోతాయి. ముందు చేటలో చెరగండి, తేలికవన్నీ అంచుకు వచ్చేస్తాయి. తరువాత గుప్పెడు గుప్పెడు పరిచి చూడండి. ముడతలు పడి ఎండుద్రాక్షలాగా అయిపోయినవి, నల్లబడినవి, పొట్టు మీద బూడిద చల్లినట్టున్నవి, మొలక వచ్చినవి, పురుగు తొలిచినవి, అన్నీ బయటికి. విరిగిన పప్పుల మీద కూడా జాలిపడొద్దు. పొట్టు తెగిన చోటే బూజుకు దారి. అట్లాగని పది విత్తనాలు చెడ్డవుంటే బస్తా అంతా విషం కాదు. ఈ విషం బస్తా అంతటా సమంగా పరుచుకొని ఉండదు, కొన్ని విత్తనాల్లోనే గుట్టగా ఉంటుంది. చేత్తో ఏరడం అందుకే పనిచేస్తుంది. అందుకే ఒక్క విత్తనం వదిలేసినా నష్టమే.

రెండో ఏరుడు వేయించాక. ఇది చాలామంది చేయరు. దోరగా వేగిన విత్తనాలను చేతులతో నలిపి, పొట్టు ఊది, రెండు బద్దలుగా విడదీయండి. బద్దల మధ్య చిన్న గుంట ఉంటుంది చూడండి, అక్కడ లేత మీగడ రంగు ఉండాలి. కొన్నింటిలో పైన నిగనిగలాడుతూనే ఆ గుంటలో మాత్రం బూడిదరంగు దుమ్మో, పసుపుపచ్చని నూగో కనిపిస్తుంది. పైనుంచి ఎంత చూసినా దొరకని బూజు అది. కిలోలో అట్లాంటివి పదీ పన్నెండు కనిపించాయంటే ఆ కిలోను ఇక నేను చట్నీకి కూడా వాడను. తినేటప్పుడు చేదు తగిలితే మర్యాద చూసుకోకుండా ఉమ్మేయండి. పిల్లలకు ఇది ముందే నేర్పండి. పక్కన పెద్దవాళ్ళున్నారని మింగేసే పిల్లలుంటారు.

పొడి దగ్గర నా వ్యాపారానికి నేనే అడ్డం చెప్పుకుంటున్నా. కొట్టిన పొడిలో ఏమి పడిందో కంటికి తెలియదు, నాది కానీ ఇంకొకరిది కానీ. ఏరి, వేయించి, వారానికి సరిపడా ఇంట్లో కొట్టుకుంటే అంతకు మించింది లేదు. బజారులో చవగ్గా దొరికే చిక్కీ కూడా అంతే. పాకంలో, బెల్లం రంగులో అన్నీ కలిసిపోతాయి.

మిరపకాయలకూ ఈ బూజు పడుతుంది. కల్లంలో ఆరబోసినప్పుడు వాన తడిపితే చాలు. గుంటూరు యార్డులో తాలుకాయలని తెల్లబారినవి విడిగా తక్కువకు పోతాయి. అవి చివరికి ఏ కారంపొడిలో చేరతాయో మీరే ఊహించుకోండి. ఎండుమిరపకాయ తుంచి లోపల గింజల దగ్గర చూడండి, బూజు కనబడితే పారేయండి. ఎండుకొబ్బరి, మొక్కజొన్నలు కూడా తేమ తగిలితే ఇదే దారి.

నూనె, చెక్క, పాలు

గానుగ నూనె వాడేవాళ్ళు అడుగుతారు, మరి నూనెలో? విషంలో ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది. నూనెలోకి దిగేది చాలావరకు మడ్డితో వస్తుంది. కొత్తగా ఆడించిన నూనెను నాలుగైదు రోజులు కదపకుండా పెట్టి, పైది మాత్రం వంచుకోండి. అడుగుది గీకి వాడొద్దు. రిఫైన్డ్ నూనెలో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు ఇది దాదాపుగా పోతుంది. గానుగ నూనెను మెచ్చుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి చెప్పరు. నేను వాడేదీ గానుగదే, కాకపోతే ఏరిన విత్తనాలు నేనే తీసుకుపోయి ఆడించుకుంటా. ఊళ్ళల్లో ఏరగా మిగిలిన పుచ్చు విత్తనాలనే నూనెకు వేస్తారు. అంటే తినడానికి పనికిరానిదాన్ని పిండి తింటున్నామన్నమాట.

ఆ చెక్క బర్రెకు పోతుంది. బర్రె తిన్నదాంట్లో కొద్ది భాగం, నూటికి ఒకటి రెండు పాళ్ళు, ఇంకో రూపంలో పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. పాలలో కిలోకు అర మైక్రోగ్రాము మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ హద్దు పెట్టింది కూడా ఇందుకే. చంటిపిల్లలు తాగేవి పాలే కదా. ఇప్పుడు చెప్తా, ఆ పాడు కాయలకు రైతుకు ఎందుకు డబ్బులిస్తానో. నేను కొనకపోతే అవి ఎవరో ఒకరి చట్నీలోకో, బర్రె గాబులోకో చేరతాయి. ధర తక్కువే ఇస్తా, తెచ్చి గుంత తీసి పూడ్చేస్తా. మా ఆయన దీన్ని నేలకు నైవేద్యం అంటాడు. అననీ.

నిల్వ సంగతి క్లుప్తంగా: గోనెసంచి నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు. చెక్కపలక మీద, గోడకు జానెడు ఎడంగా. వేయించినవి పూర్తిగా చల్లారాక మూత బిగుతైన స్టీలు డబ్బాలో. తడి చెంచా పెట్టొద్దు. వానాకాలంలో ఫ్రిజ్.

ఇదంతా చేసినా చాలదు, ఇవి కూడా

ఇంత శ్రద్ధగా ఏరి, పక్కనే రోజూ క్వార్టర్ తాగేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. లెక్క చూడండి. 180 మిల్లీలీటర్ల విస్కీలో ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. రోజుకు సుమారు 45 గ్రాములు దాటితే లివర్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి గట్టిగా చెప్పింది. ఆ సంస్థ జాబితాలో అధిక బరువు కూడా ఉంది. తగ్గించేదాంట్లో గట్టి ఆధారం దొరికింది కాఫీకి. మూడు చెంచాల చక్కెర వేసుకొని ఇది విని సంబరపడొద్దు. "లివర్ క్లీన్" చేస్తామనే పచ్చరసాలకు అట్లాంటి ఆధారమేదీ లేదు.

అన్నిటికంటే ముందు, లివర్‌కు పట్టే హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చూసే రక్తపరీక్ష. షాంఘైలో 18,000 మందికి పైగా మగవాళ్ళను ఏళ్ళపాటు గమనించారు. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవాళ్ళకు లివర్ క్యాన్సర్ ముప్పు మూడు రెట్ల పైచిలుకు, హెపటైటిస్ బి ఒక్కటే ఉంటే ఏడు రెట్లు. రెండూ ఉన్నవాళ్ళకు దాదాపు 60 రెట్లు. కూడితే పది రావాలి, వచ్చింది అరవై. ఇంట్లో ఎవరికైనా ఆ వైరస్ ఉందని తెలిస్తే, చెనక్కాయలు ఏరడం మీకు మిగతావాళ్ళకంటే పదింతలు ముఖ్యం. డాక్టరు చెప్పిన వేళకు స్కానింగులు కూడా. లేదని తేలితే టీకా వేయించుకోండి. పుట్టిన బిడ్డకైతే 24 గంటల్లో. ఆసుపత్రిలో వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి.

అమెరికాలోని పిల్లలకు పొడులు పార్సెల్ కట్టేవాళ్ళు మా దగ్గరికి ఎక్కువగానే వస్తారు. ఆరు నెలలకు సరిపడా కిలోల లెక్కన కట్టమంటారు. నేను వద్దంటా. రెండుసార్లు ఏరి, వేయించి, బద్దలు చేసిన విత్తనాలు పావుకిలో ప్యాకెట్లుగా గాలి తీసి పంపండి. అక్కడ ఫ్రీజర్లో పెట్టుకొని, కావలసినప్పుడు ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి వాళ్ళే కొట్టుకుంటారు. మిక్సీ లేదంటే అది కూడా పంపండి, 110 వోల్టులది చూసి.