న్యూజెర్సీలో సొంత వైన్‌తో డిన్నర్‌కి వెళ్తున్నారా?

న్యూజెర్సీలో మద్యం లైసెన్సులు ఊరి జనాభాను బట్టి ఇస్తారు, అందుకే చాలా రెస్టారెంట్లకు అవి ఉండవు. అలాంటి చోటికి మన వైన్, బీరు పట్టుకెళ్లొచ్చు. విస్కీ మాత్రం కుదరదు. మన సీసా తెచ్చుకున్నందుకు రెస్టారెంటు కార్కేజ్ ఫీజు (సీసా తెరిచి పోసినందుకు వేసే రుసుము) కూడా అడగకూడదు. కొన్ని ఊళ్లలో సొంత వైన్ తేవడానికే ఒప్పుకోరు కాబట్టి ముందే ఫోన్ చేయండి.

ఆరుగురు కలిసి నాలుగైదు సీసాలు తెస్తే గ్లాసులు నింపేయకండి. తలా 60 ఎంఎల్ పోస్తే 750 ఎంఎల్ సీసాలో సగం పైనే మిగులుతుంది, నచ్చినవాళ్లు మళ్లీ పోసుకుంటారు. గోంగూర మటన్ లాంటి కారం వంటలకు కాస్త తీపి ఉన్న రీస్లింగ్ అనే వైట్ వైన్, బాగా చల్లగా. ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ వైన్, ఎంత ఖరీదైనదైనా సరే, నోటి మంటను ఇంకా పెంచుతుంది. ఓపెనర్ మర్చిపోకండి. కారు ఎవరు నడుపుతారో ఇంటి దగ్గరే తేల్చుకోండి.