బైబిలుతో ఆలోచించడం – 6వ పాఠం: అప్పిచ్చినవాడు గుమ్మం బయటే ఎందుకు ఆగాలి?

ఈ వారం జామీను గురించి రాద్దామని కూర్చున్నాను. పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. ముందు తేల్చాల్సింది వేరే ఉంది.

ఐదో పాఠం చివర నిర్గమకాండం 22:25 (అప్పు మీద వడ్డీ వేయకూడదన్న ఆజ్ఞ) ఇచ్చి, “క్రైస్తవుడు డబ్బు వడ్డీకి ఇవ్వవచ్చా?” అని అడిగి వదిలేశాను. జవాబులు మూడు రకాలుగా వచ్చాయి. వడ్డీ పాపం, ఇంకో మాట లేదని కొందరు రాశారు. తలాంతుల ఉపమానంలో యజమాని “నా సొమ్ము సాహుకారుల దగ్గర పెట్టి ఉంటే వడ్డీతో సహా తీసుకునేవాణ్ణి కదా” అన్నాడు కాబట్టి (మత్తయి 25:27) ప్రభువే ఒప్పుకున్నాడని ఇంకొందరు రాశారు. మనం కృప కింద ఉన్నాం, ధర్మశాస్త్రంతో మనకేం పని అని మిగిలినవాళ్లు.

ఒక సహోదరి రాసి ఊరుకోలేదు. పాఠం చదివిన వారంలోనే, పదకొండేళ్లుగా తను ఉంటున్న డ్వాక్రా సంఘం నుంచి బయటికి వచ్చేసింది. “సంఘంలో మాలో మేము ఇచ్చుకునే అప్పులకి వడ్డీ తీసుకుంటాం కదండీ, ఆ పాపంలో నాకు పాలు వద్దు” అని రాసింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె తప్పేమీ లేదు. వాక్యం ఏం చెబితే అది చేయడానికి సిద్ధపడిన మనిషి ఆమె. వచనం ఇచ్చి, దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పకుండా వదిలేసింది నేను. అమ్మా, ముందు మీరు సంఘానికి తిరిగి వెళ్లి వాళ్లతో మాట్లాడండి. ఎందుకో ఈ పాఠం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఒక వచనంలోని మాట ఎవరు ఎవరితో అన్నారు, ముందూ వెనకా ఏముంది అని చూడడం మొదటి మూడు పాఠాల్లో చేశాం. అది మళ్లీ చెప్పను.

మీ జవాబుల్ని బట్టి చూస్తే చాలామంది చేసింది ఒకటే. ఫోన్లో బైబిలు యాప్ తెరిచి “వడ్డి” అని వెతికారు. వచ్చిన వచనాల్ని రెండు కుప్పలు చేసి, పెద్ద కుప్ప ఎటు ఉంటే అటు తీర్పు చెప్పేశారు. నేను కాగితం బైబిలు, పెన్సిలుతోనే చదువుతాను. అలా చదివితే అడగని వచనం కూడా పక్కనే కంటపడుతుంది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే వచనం ద్వితీయోపదేశకాండం 24:10-11. అందులో “వడ్డి” అనే మాటే లేదు. మీరు ఎన్నిసార్లు వెతికినా ఆ యాప్ దాన్ని మీకు చూపించదు.

నాకొక అలవాటు ఉంది. ఆజ్ఞ కనబడగానే దాని చుట్టుపక్కల కారణం కోసం వెతుకుతాను. “ఎందుకు?” అనే ప్రశ్నకి మోషే ధర్మశాస్త్రం చాలాచోట్ల తనే జవాబు చెబుతుంది. నిర్గమకాండం 22:25లో అప్పు తీసుకున్నవాడు ఎవరు? బీదవాడు. తర్వాతి రెండు వచనాలు చూడండి. అతని పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దు గుంకేలోపు తిరిగి ఇచ్చేయాలి. ఎందుకు? అతనికి కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే, మరి ఏం కప్పుకుని పడుకుంటాడు అని దేవుడే అడుగుతున్నాడు. అంటే ఈ ఆజ్ఞ ఒక బీదవాడి రాత్రి నిద్రని కాపాడుతోంది. హెబ్రీలో వడ్డీకి వాడే ఒక మాట “నెషెక్”. అది కాటు వేయడం అనే ధాతువు నుంచి వచ్చింది. సంఖ్యాకాండం 21లో పాములు జనాన్ని కరిచినప్పుడు వాడిన క్రియ కూడా అదే.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండం 24. అప్పిచ్చినవాడు తాకట్టు తెచ్చుకోవడానికి వెళ్లాడు. ఇంట్లోకి వెళ్లకూడదు. బయటే నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే లోపలికి వెళ్లి తాకట్టు వస్తువు బయటికి తెస్తాడు. ఆ గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లోపల పొయ్యి మీద ఏముందో, అసలు పొయ్యి వెలిగిందో లేదో, పిల్లలు ఏ చాప మీద పడుకున్నారో అప్పిచ్చినవాడు చూడకూడదు. చూస్తే “ఇదిగో, ఆ బిందె ఉందిగా” అంటాడు. ఏది తేవాలో ఎంచుకునేది అప్పులో ఉన్నవాడే. బాకీ ఎంతైనా ఆ ఇంటికి యజమాని అతనే. నాలుగు వచనాల ముందు, 24:6లో, తిరగలినీ దాని పైదిమ్మనీ తాకట్టు పెట్టుకోకూడదని ఉంది, అది మనిషి బతుకునే తాకట్టు పెట్టుకున్నట్టు అవుతుందని. ఆ రోజుల్లో రొట్టెకి పిండి రోజూ ఇంట్లోనే విసురుకోవాలి. తిరగలి పోతే సాయంత్రం తిండి పోయినట్టే.

ఇంత చూశాక లోన్ యాప్ గురించి మాట్లాడదాం. మీలో ఆరుగురు దాని గురించే అడిగారు. యాప్ వేసుకోగానే కాంటాక్టులు చూడనివ్వమంటుంది, ఫొటోలు చూడనివ్వమంటుంది. అవసరంలో ఉన్నవాడు “అలౌ” నొక్కేస్తాడు. వాయిదా తప్పగానే అతని వదినకీ, ఆఫీసులో పై అధికారికీ, ఎప్పుడో ఒకసారి ఫోన్ చేసిన ప్లంబరుకీ “ఫలానా వాడు ఎగ్గొట్టాడు” అని ఫోన్లు వెళ్తాయి. ఇది ఇంట్లో చొరబడడం కాదంటారా? నాకైతే ద్వితీయోపదేశకాండం చెప్పిన గుమ్మం దాటడమే ఇది. యాప్‌లు ఫోన్లోని ఫైళ్లు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. అంతకు ముందు, 2010 అక్టోబరులో, మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వాయిదాలు పంచాయతీ ఆఫీసులోనో కలెక్టరు చూపించిన బహిరంగ స్థలంలోనో మాత్రమే కట్టించుకోవాలని అందులో ఉంది. ఇంటి ముందు కూర్చుని వసూలు చేయకూడదని ఒక ప్రభుత్వం చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, మోషే ఆ మాట ఎందుకు చెప్పాడో మన జిల్లాలవాళ్లకి ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

ఇక నన్ను బాధపెట్టిన జవాబు. నలుగురు రాశారు. “సంఘంలో విశ్వాసులకి వడ్డీ లేకుండా ఇస్తాను, బయట అన్యులకి మూడు రూపాయల వడ్డీకి ఇస్తాను, ద్వితీయోపదేశకాండం 23:20 ప్రకారం” అని. మూడు రూపాయలంటే నూటికి నెలకి మూడు, ఏడాదికి ముప్ఫై ఆరు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

మన పాత అనువాదంలో అక్కడ “అన్యుడు” అని ఉంది. మన సంఘాల్లో “అన్యులు” అంటే క్రైస్తవులు కానివాళ్లు అని అలవాటైపోయింది. అలవాటైన అర్థాన్ని తీసుకెళ్లి మోషే నోట్లో పెట్టేశాం. హెబ్రీలో అక్కడున్న మాట “నోక్రీ”, వేరే దేశంవాడు. అతని ఇల్లూ పొలమూ వేరేచోట ఉన్నాయి. ఇశ్రాయేలులో ఎక్కువగా అతను కనిపించేది వ్యాపారం మీద వచ్చినప్పుడు. మీ వీధిలో ఉంటూ, మీ బోరు నీళ్లే తాగుతూ, తన మతం తనది అనుకునే మనిషికి దగ్గరగా ఉన్న మాట వేరే ఉంది, “గేర్”, మీ మధ్య కాపురముండే పరదేశి. అతన్ని నిన్నువలె ప్రేమించమని లేవీయకాండం 19:34లో ఉంది. కారణం కూడా అక్కడే ఉంది, మీరు ఐగుప్తులో పరదేశులై ఉన్నారు అని. కాబట్టి పక్కింటి హిందువునో ముస్లిమునో నోక్రీ కింద లెక్కేసి మూడు రూపాయలు గుంజడానికి ఆ వచనం మీకు చీటీ రాసివ్వలేదు. పోనీ అతను నోక్రీయే అనుకుందాం. లూకా 10లో ధర్మశాస్త్రం చదివినవాడు “నా పొరుగువాడెవడు?” అని గీత ఎక్కడ గీయాలో అడిగితే, ప్రభువు, యూదులు దూరం పెట్టిన సమరయుడే దెబ్బలు తిన్నవాణ్ణి ఆదుకున్న కథ చెప్పి ఆ గీతనే చెరిపేశాడు. లూకా 6:35లో శత్రువులకి కూడా, తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకుండా అప్పివ్వమన్నాడు. ఆయన మాట విన్నాక “బయటివాడు” అనే పేరుతో ఎక్కువ వడ్డీ వేయడానికి మిగిలిన చోటేది? కూతురి ఫీజు కోసం మీ దగ్గరికి వచ్చిన పక్కింటివాడు మీ దేవుడి గురించి ఏం తెలుసుకుని వెళ్తాడో కూడా ఆలోచించండి. ఆ నలుగురినీ నేను బతిమాలుకుంటున్నాను. ఆ ప్రోనోట్లు ఒకసారి బయటికి తీసి చూడండి.

తలాంతుల ఉపమానం గురించి ఎక్కువ చెప్పను. దానికి ముందు అధ్యాయంలోనే ప్రభువు తన రాకని దొంగ రావడంతో పోల్చాడు. అంతమాత్రాన దొంగతనం మంచిదని ఎవరూ అనుకోరు. అలాగే ఉపమానంలో వడ్డీ మాట వచ్చినంతమాత్రాన ప్రభువు వడ్డీని ఒప్పుకున్నట్టు కాదు. కృప కింద ఉన్నామన్నవాళ్లు లూకా 6:35 మళ్లీ చదవండి. కృప మన మీద పెట్టిన భారం ధర్మశాస్త్రం కంటే పెద్దది.

నెహెమ్యా 5 మాత్రం అందరూ మొత్తం చదవాలి. కరువులో ధాన్యం కోసం జనం పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ కుదువపెట్టారు. రాజుగారి పన్ను కట్టడానికి అప్పు చేశారు. పిల్లల్ని దాసులుగా ఇచ్చారు. అప్పిచ్చినవాళ్లు బయటివాళ్లు కారు, సొంత సహోదరులే. వాళ్లు తీసుకుంటున్న “నూరవ భాగము” తిరిగి ఇచ్చేయమని యూదా అధిపతి నెహెమ్యా అడుగుతాడు. దాన్ని నెలకి నూటికి ఒకటి అని చాలామంది పండితులు అర్థం చేసుకుంటారు. మన లెక్కలో రూపాయి వడ్డీ. మన ఊళ్లలో “ధర్మవడ్డీ” అని మెచ్చుకునే వడ్డీని ఆకలితో ఉన్నవాడి మీద వేస్తే ఆయనకి కోపం వచ్చింది. పదో వచనంలో, నేనూ నా సహోదరులూ నా దాసులూ కూడా అప్పిచ్చాం అని చెప్పి తనని కూడా కలుపుకున్నాడు. నాయకుడు అలా మాట్లాడాక, తిరిగి ఇచ్చేస్తామని వాళ్లు ఒప్పుకున్నారు.

మరి బ్యాంకు వడ్డీ, వ్యాపారానికి ఇచ్చే అప్పు? సంఘచరిత్రలో ఈ ప్రశ్న ఎప్పటినుంచో ఉంది. 325లో నీకయ సభ పాదిరులు వడ్డీ తీసుకోకూడదని నియమం పెట్టింది. 1545లో సంఘ సంస్కర్త కాల్విన్ రాసిన ఒక ఉత్తరంలో వడ్డీ అంతా ఒక్కటే కాదన్నాడు. లాభం కోసం పెట్టుబడి తెచ్చుకున్నవాడి దగ్గర మితంగా తీసుకోవచ్చు, బీదవాడి దగ్గర తీసుకోకూడదు అన్నాడు. నేను ఆ పక్షమే. ఎఫ్‌డీ రద్దు చేయాలా అని అడిగినవాళ్లకి నా జవాబు, అక్కర్లేదు.

ఇప్పుడు డ్వాక్రా సహోదరి దగ్గరికి వస్తాను. 1846-47లో జర్మనీలో కరువు వచ్చినప్పుడు రైఫైజెన్ అనే భక్తిపరుడు ఒక చిన్న ఊరికి మేయరు. బీదవాళ్లకి అప్పు మీద రొట్టె అందేలా సంఘం పెట్టాడు. తర్వాత 1864లో, సభ్యులే పొదుపు చేసి సభ్యులకే అప్పిచ్చే సంఘం పెట్టాడు. పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞే ఆయన్ని కదిలించింది. మద్రాసు ప్రెసిడెన్సీ తరఫున నికల్సన్ అనే అధికారి ఐరోపాలో ఇలాంటి సంఘాల్ని చూసి వచ్చి, మనకి కావాల్సింది రైఫైజెన్ లాంటి మనిషి అని నివేదిక రాశాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మీ ఊళ్లో ఎరువుల బస్తాలు ఇచ్చే సొసైటీ ఆ దారిలో వచ్చిందే. మీ డ్వాక్రా సంఘంలో వడ్డీ ఎవరికి చేరుతోంది? మీ పదిమంది నిధిలోకే, రేపు మీలో ఇంకొకరికి అప్పుగా. అది కాటు వేయడం లేదు. కానీ ఒకటి అడగండి. ఎవరికైనా జబ్బు చేసి వాయిదా తప్పితే మీరు ఏం చేస్తున్నారు? తొమ్మిదిమందీ వెళ్లి ఆమె ఇంటి ముందు కూర్చుంటున్నారా? కూర్చుంటుంటే, అక్కడ మాట్లాడడానికైనా మీరు ఆ సంఘంలో ఉండాలి.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఉంటుంది. మీకు రావాల్సిన అప్పులన్నీ, చేబదుళ్లు కూడా వదలకుండా, ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని పక్కన అతను దేనికి తీసుకున్నాడో రాయండి: తిండికా, ఆసుపత్రికా, ఫీజుకా, వ్యాపారానికా. మొదటి మూడింటి మీద మీరు వడ్డీ తీసుకుంటుంటే ఇప్పటిదాకా ఎంత తీసుకున్నారో లెక్క కట్టండి. ఆ కాగితం నాకు పంపొద్దు. ఇంట్లో భార్యాభర్తలు కలిసి కూర్చుని చూడండి. నాకు పంపాల్సింది ఒకటే: మీ వీధిలో ఈ రోజు ఎవరి తిరగలి తాకట్టులో ఉంది? కుట్టుమిషనా, ఆటోనా, పాడి గేదా? పేరు వద్దు, వస్తువు పేరు చాలు, దాన్ని విడిపించడానికి ఎంత కావాలో పక్కన రాయండి.

జామీను పాఠం వచ్చేసారి. సామెతలు 6:1-5, ఫిలేమోను 18, 19 వచనాలు చదివి రండి. రెండూ ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టు కనిపిస్తాయి. ఈసారి యాప్‌లో వెతకకుండా ఫిలేమోను పత్రిక మొత్తం చదవండి, ఒక్క అధ్యాయమే.