పాత టేబుల్ సాను మెరుగుపరిచే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి పైకి వచ్చే గుండ్రటి బ్లేడుతో చెక్కను కోసే యంత్రం. దాని మీద పని మొదలుపెట్టే ముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్గును పూర్తిగా తీసి, కంటికి కనిపించే చోట ఉంచుకోవాలి. మోటారుకు కెపాసిటర్ ఉంటే అందులో విద్యుత్తు ఇంకా నిలిచి ఉండవచ్చు కనుక, దాని తీగల పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించడం మంచిది.

కొత్త బ్లేడుపై ముద్రించిన గరిష్ఠ వేగం మీ యంత్రపు ఇరుసు వేగం కంటే తక్కువ కాకూడదు. మధ్య రంధ్రం ఇరుసుకు వదులు లేకుండా సరిపోవాలి. పుల్లీల సైజు మారిస్తే బ్లేడు వేగమూ మారుతుంది కాబట్టి ఈ లెక్కను మళ్లీ చూసుకోవాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది రైవింగ్ నైఫ్. కోసిన చెక్క దగ్గరకు ముడుచుకుని బ్లేడు వెనక పళ్లను పట్టుకుంటే, ఆ ముక్క విసురుగా మనిషి మీదికి ఎగిరివస్తుంది. అలా జరగకుండా కోతను తెరిచి ఉంచేది బ్లేడు వెనుక నిలిచే ఈ పలకే. దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువగా, పళ్లు చేసే కోత కంటే తక్కువగా ఉండాలి. ఉదాహరణకు రేకు 2.2 మి.మీ., కోత 3.2 మి.మీ. అయితే 2.8 మి.మీ. పలక సరిపోతుంది. పాత యంత్రానికి దాన్ని బిగించే వీలు లేకపోతే, కనీసం స్ప్లిట్టర్ (బ్లేడు వెనుక కోతను తెరిచి ఉంచే స్థిరమైన పలక) అయినా లేకుండా చెక్కను నిలువునా కోయవద్దు.

ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ) బిగించాక ఒకే పన్నుకు గుర్తు పెట్టి, దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి, రెండు చోట్లా ఫెన్స్‌కు ఉన్న దూరం ఒకటేనా అని కొలవాలి. బ్లేడు మార్చేటప్పుడు గ్లవ్స్ వేసుకోవచ్చు గానీ, యంత్రం నడిపేటప్పుడు మాత్రం తప్పక తీసేయాలి.