మీ పాఠం మీరే వినండి – 3వ భాగం: "నీకెట్ల తెలుసు?"

పోయిన వారం అనుకున్నట్టు మీ క్లాసు ఒక ఇరవై నిమిషాలు ఫోన్లో రికార్డు చేశారు కదా, ఇప్పుడు వినండి. మీరు చెప్పిన పాఠం సంగతి పక్కన పెట్టి, పిల్లలు జవాబు చెప్పిన వెంటనే మీ నోట వచ్చిన మొదటి మాట ఏమిటో అదొక్కటే రాసుకోండి.

నాది చెప్తాను. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊళ్లో ఎనిమిదో తరగతి. "మీ ఇంటి నీళ్లలో ఫ్లోరైడ్ ఉందా?" అంటే ఒక అమ్మాయి లేచి "లేదు సార్, మా బోరు నీళ్లు తియ్యగుంటయి" అంది. "తప్పు, కూర్చో. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, రాసుకోండి" అన్నాను. ఆ తర్వాత రికార్డింగులో పెన్నుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ట్రైనింగులో ఎవరైనా అడిగితే పిల్లలు జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారని చెప్పేవాణ్ణి, 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం చెప్పేదీ అదే, అది మనస్ఫూర్తిగా నమ్ముతున్నాననే అనుకున్నాను. కానీ ఆ పిల్ల జవాబుతో పాటు కారణం కూడా చెప్పింది, నాకది వినపడలేదు. ఎందుకంటే నా లోపలి లెక్కలో తెలియడమంటే పుస్తకంలోని అంకె తెలియడమే.

1990లో మార్లీన్ షోమర్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఇలాంటి నమ్మకాలను విడదీసి చూసింది: జ్ఞానం మారనిదా, విడివిడి ముక్కలా, పెద్దలు చెబితేనే వచ్చేదా, తెలివి పుట్టుకతోనే ఖాయమా, చదువు వస్తే వెంటనే రావాలా. ఆమె అడిగింది విద్యార్థులను, కానీ టీచర్లం మనమూ వేసుకోవాల్సిన ప్రశ్నలే ఇవి. నా "తప్పు, కూర్చో"లో మొదటిదీ మూడోదీ రెండూ ఉన్నాయి.

మరుసటి ఏడు అదే ప్రశ్నకు అదే జవాబు వచ్చింది. ఈసారి "నీకెట్ల తెలుసు?" అని అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టాను. వెనక బెంచీ నుంచి ఒకడు "ఉప్పయితే తెలుస్తది సార్, ఇది తెల్వదేమో, మా తాత గూడ తియ్యటి నీళ్లే తాగిండు, మోకాళ్లు వంగినయి" అన్నాడు. అప్పుడు చెప్పాను, ఫ్లోరైడ్ రుచికి తెలియదు, పరీక్ష చేయాల్సిందేనని. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్‌లో పటిక, సున్నం ఎందుకు కలుపుతారో వాళ్లే అడిగారు. ఏం చెప్పినా సరేనని వదిలేయమనడం లేదు. తప్పు దిద్దాలి, కాకపోతే కారణం విన్నాక.

అడిగే గొంతు ముఖ్యం. పోలీసు అడిగినట్టు అడిగితే పిల్లలు జవాబు మార్చేస్తారు.

వచ్చే భాగానికి: రికార్డింగులోంచి మీ మూడు మాటలు రాసి, ఒక్కోదాని పక్కన పై ఐదింటిలో ఏ నమ్మకం ఉందో పెట్టండి. సిలబస్ టెన్షన్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.